చేతికి నప్పే షాట్‌గన్

అందరికీ నమస్కారం. గాల్లోకి ఎగిరే మట్టి పలకలను, అంటే క్లేలను, షాట్‌గన్‌తో కాల్చే ఆటలు ట్రాప్, స్కీట్. వాటిని కొత్తగా మొదలుపెట్టిన పిల్లలూ, వాళ్ల తల్లిదండ్రులూ ఎక్కువగా వచ్చారు, చాలా సంతోషం. మన హైదరాబాదీ కైనన్ చెనాయ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచింది ఈ ట్రాప్‌లోనే.

నన్ను అందరూ మొదట అడిగేది, "సార్, ఎంత బరువున్న గన్ కొనమంటారు?" అని. పోటీల్లో వాడే 12 బోర్ (గొట్టం వెడల్పు కొలత) గన్‌లు మామూలుగా మూడున్నర నుంచి నాలుగు కిలోల మధ్య ఉంటాయి. పక్షుల వేటకు ఇంగ్లండ్‌లో చేసిన పాత జంట గొట్టాల తుపాకులు మూడు కిలోల దగ్గరే ఆగేవి. వేటగాడు రోజంతా మోసుకుని తిరగాలి, కాల్చేది మాత్రం తక్కువ. మనకు నడక తక్కువ, కాల్పులు ఎక్కువ. అందుకే మన గన్‌కు ఆ అదనపు బరువు కావాలి.

"పిల్ల సన్నగా ఉంది, తేలిక గన్ ఇప్పిద్దాం" అనే తల్లిదండ్రులకు ఒక మాట. కార్ట్రిడ్జ్ (తూటా) అదే అయినప్పుడు, 3.6 కిలోల గన్ కన్నా 3 కిలోల గన్ వెనక్కి తన్నే శక్తి సుమారు ఐదో వంతు ఎక్కువ. ఫైనల్‌కు ముందు జరిగే క్వాలిఫికేషన్‌లో 125 క్లేలు. ఆ దెబ్బలన్నీ పడేది పిల్ల భుజం మీదే.

ఇక బ్యాలెన్స్. గన్‌ను హింజ్ పిన్ (గన్ మడిచి తెరిచే కీలు) దగ్గర వేలి మీద నిలబెట్టి, "సరిగ్గా ఉంది" అని కొనేస్తారు. అది చాలదు. కావడి మోసేవాళ్లను గుర్తు చేసుకోండి. రెండు కొసలా బిందెలు వేలాడుతుంటే సందు మలుపులో చటుక్కున తిరగలేరు, తిరగడం మొదలయ్యాక చటుక్కున ఆగనూ లేరు. అవే బిందెలను భుజం దగ్గరకు జరిపితే ఇట్టే తిరుగుతారు. రెండుసార్లూ బరువు ఒకటే, బ్యాలెన్స్ కూడా భుజం మీదే. బరువూ, బ్యాలెన్సూ ఒకటే అయిన రెండు గన్‌ల మధ్యా తేడా అలాగే ఉంటుంది, ఒకదానికి బరువు కొసల్లో, ఇంకోదానికి మధ్యలో. ట్రాప్‌లో గన్ ముందే భుజానికి ఆని ఉంటుంది కాబట్టి, కొసల్లో బరువుంటే స్వింగ్ ఆగకుండా సాఫీగా సాగుతుంది. స్కీట్‌లో క్లే కనబడేదాకా స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) నడుము దగ్గరే ఉండాలి. అక్కడ చురుగ్గా లేచే గన్ నాకు నచ్చుతుంది.

ఒకమ్మాయి 32 అంగుళాల బ్యారెల్ (గొట్టం) ఉన్న గన్‌తో ట్రాప్ ఆడేది. మొదటి మూడు రౌండ్లు బాగానే ఉండేవి. నాలుగో రౌండ్ నుంచి ఎడమ మోచెయ్యి కిందికి జారేది, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో బ్యారెల్ ఆగిపోయేది, గుళ్లు క్లే వెనక నుంచి పోయేవి. వాళ్ల నాన్నగారు గన్ మార్చేద్దామన్నారు. మేం స్టాక్ వెనక బోల్టు రంధ్రంలో కొంచెం సీసం పెట్టాం. మొత్తం బరువు పెరిగింది కానీ, బ్యాలెన్స్ వెనక్కి జరిగి ఎడమ చేతి మీది భారం తగ్గింది. చివరి రౌండ్‌లోనూ మోచెయ్యి నిలబడింది.

అందుకే షాపులో తాజా చేతులతో ఒక్కసారి ఎత్తి చూసి నిర్ణయించకండి. రేంజ్‌లో సీనియర్లను అడగండి, కోచ్ పక్కన ఉండగా వాళ్ల గన్‌తో ఒక రౌండ్ కాల్చండి. అదీ మీ ప్రాక్టీస్ అంతా అయ్యి చేతులు అలసిపోయాక. స్టాక్ పొడవు ముందుగా సరిచేయించుకోండి, అది మరీ పొడవుగా ఉంటే ఏ గన్ అయినా ముందుకు తూలినట్టే ఉంటుంది. బరువు కలపాలంటే మొదట యాభై గ్రాముల సీసం టేపుతో స్టాక్‌కు అంటించి కొన్నాళ్లు ఆడండి. కుదిరితేనే లోపల పెట్టించండి.