గుంజలు లేని పందిరి

అమ్మాయి: నమస్కారం. ఎండను అంతరిక్షంలోనే కొంత అడ్డగించి భూమిని చల్లబరచడానికి ఖర్చు ఎంతవుతుంది, ఆ తెర మీద పెత్తనం ఎవరిది అన్నవి నేటి విషయాలు. బాబాయి గారు ఈసారి గొడుగు తేలేదని శ్రోతలకు ముందే మనవి చేస్తున్నాను.

బాబాయి: గొడుగు మాట ఎత్తకూడదని పోయిన వారమే అనుకున్నాం కదమ్మా. ఖర్చు సంగతి తరువాత. ముందు ఆ పందిరికి గుంజలు ఎక్కడ పాతుతారో చెప్పు.

అమ్మాయి: గుంజలు అక్కరలేదు. సూర్యుని వైపు సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎల్1 అనే చోట నిలిపినది, సూర్యుని ఆకర్షణ, భూమి ఆకర్షణ కలిసి పనిచేయడం వల్ల, భూమితో పాటే సూర్యుని చుట్టూ తిరుగుతుంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన మన సూర్య పరిశోధక నౌక ఆదిత్య చేరింది అక్కడికే.

బాబాయి: ఆదిత్య టన్నున్నర బరువున్న పెట్టె, నువ్వు చెప్పేది పలుచని రేకు. మా పెళ్లి పందిరిని గాలివాన ఎత్తి చెరువులో పడేసిన నాడు తాటాకులు ఎగిరాయి గానీ పక్కనే ఉన్న గంగాళం కదలలేదు. ఎండ కూడా తోస్తుంది కదా?

అమ్మాయి: తోస్తుంది. అందుకే 2006లో అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన రోజర్ ఏంజెల్ తన తెరలను ఇంకా ముందుకు, 18.5 లక్షల కిలోమీటర్ల దగ్గర ఉంచమన్నారు. అక్కడ సూర్యుని ఆకర్షణ ఆ తోపుడుకు సరిపోతుంది. ఒక్కొక్కటి రెండడుగుల వెడల్పు, ఒక గ్రాము బరువు, అంటే రూపాయి బిళ్ల కన్నా తేలిక. ఎండలో 1.8 శాతం ఆపడానికి అలాంటివి లక్షల కోట్ల సంఖ్యలో, మొత్తం 2 కోట్ల టన్నులు కావాలి.

బాబాయి: ఆదిత్యలైతే కోటీ ముప్పై లక్షలకు పైమాటే! అన్ని తాటాకుల్లో ఒక్కదానికీ గుంజ లేదన్నమాట.

అమ్మాయి: చిన్న అద్దాలను వంచి, ఆ తోపుడుతోనే దారి సర్దుకుంటాయి బాబాయ్. అయినా మీ గుంజకు దగ్గరగా వచ్చినవారు హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన ఇష్ట్వాన్ సపూడి. తెరను సూర్యుని వైపున్న ఒక గ్రహశకలానికి తాడుతో కట్టాలని 2023లో ఆయన సూచించారు. మొత్తం 35 లక్షల టన్నుల్లో తెర బరువు 35 వేలే, మిగిలినదంతా దాదాపు ఆ రాయి బరువే.

బాబాయి: అలా చెప్పు! పందిరికి రాయి కట్టాలని మొదటి నుంచీ నేను అంటున్నదే అది.

అమ్మాయి: మీరు అన్నది గుంజ. సరే, ఖర్చు ఏంజెల్ లెక్కలో కొన్ని లక్షల కోట్ల డాలర్లు. పెత్తనం ఎవరిదో తేల్చే ఒప్పందం ఇంతవరకు లేదు. నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. తెర ఎండను ఆపుతుందే గానీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించదు, సముద్రం ఆమ్లంగా మారుతూనే ఉంటుంది. ఏదో ఒకనాడు తెర చెడితే, అన్నాళ్లూ ఆగిన వేడి కొద్ది ఏళ్లలోనే మీద పడుతుంది.

బాబాయి: పందిరి లేచిపోయాక పెళ్లివారంతా ఎండలో నిలబడ్డారమ్మా. అందరికన్నా ముందు మా అమ్మమ్మ సొమ్మసిల్లింది.

అమ్మాయి: ఈ మాట మీరెప్పుడూ చెప్పలేదు.

బాబాయి: చెప్పలేదు. ఇంతకీ ఆ తాడును దేనితో పేనుతారు?

అమ్మాయి: కార్బన్ అణువుల పలుచని పొర అయిన గ్రాఫీన్ వంటి తేలికైన పదార్థంతో.

బాబాయి: రాయి ఒక వైపు, తెర ఒక వైపు లాగుతుంటే ముడి ఎక్కడ...

అమ్మాయి: సమయం అయిపోయింది బాబాయ్.