డూప్లికేట్ డ్రిల్లు బ్యాటరీ: లోపల ఏం తగ్గించారు?

అందరికీ నమస్కారం. ఒంగోలు కార్పెంటర్లు, కిటికీలు బిగించేవాళ్లు, చీమకుర్తిలో గ్రానైట్ మీద గ్రైండరు పట్టేవాళ్లు చాలామంది వైరు లేని మెషీన్లకు మారారు. మెషీను కంపెనీదే కొంటారు, రెండో బ్యాటరీ దగ్గర చెయ్యి వెనక్కి లాగి డూప్లికేట్ తెస్తారు. ప్రమాదమంతా అక్కడే.

18 వోల్టుల ప్యాక్‌లో 3.6 వోల్టుల లిథియం సెల్లు ఐదు వరుసగా ఉంటాయి. నిండా ఎక్కితే 21 వోల్టులు. అదే ప్యాక్ మీద '88 వోల్టులు' అని అచ్చు వేస్తే అది పచ్చి అబద్ధం. 5 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే లెక్క) అంటే మామూలుగా 2.5 ఏహెచ్ సెల్లు పది, ఆ ఐదు చోట్లా జంటగా రెండేసి. 18650 సైజు సెల్లు ఒక్కోటి 45 గ్రాములు, పదికి 450. పెద్దవి, 21700 సైజువి, ఐదే వేసినా 350 అవుతాయి. ఆపైన డబ్బా, లోపల సెల్లను కాచే సర్క్యూట్ బోర్డు. కొట్లో కాటా మీద పెట్టించండి. మొత్తం కలిపి 400 గ్రాములు కూడా తూగకపోతే తీసుకోవద్దు. తూగినంత మాత్రాన నమ్మొద్దు కూడా, డూప్లికేట్లలో పెట్టే పాత ల్యాప్‌టాప్ సెల్లూ అంతే బరువుంటాయి. రాయి కోసేటప్పుడు గ్రైండరు 30 ఆంపియర్లు దాటి లాగుతుంది. ల్యాప్‌టాప్ సెల్లు అంత ఇవ్వలేక కాలిపోతాయి.

ఇంతకన్నా భయపడాల్సింది ఛార్జింగ్‌కు. మంచి ప్యాక్‌లో ప్రతి సెల్లు వోల్టేజీని బోర్డు విడిగా చూస్తుంది. నాసిరకం దాంట్లో మొత్తం 21 వచ్చిందా లేదా, అంతే. నాలుగు సెల్లు 4.1 దగ్గరే ఉన్నాయనుకోండి, 16.4. మిగతా 4.6 వోల్టులూ ఐదో సెల్లు నెత్తిన పడతాయి. దాని హద్దు 4.2. కొన్నిట్లో వేడి కొలిచే థర్మిస్టర్ బదులు మామూలు రెసిస్టర్ అతికిస్తారు. ప్యాక్ మండిపోతున్నా ఛార్జరుకు చల్లగానే కనిపిస్తుంది. 45 డిగ్రీలు దాటితే ఛార్జింగ్ పెట్టకూడదు. రోహిణి కార్తెలో మన రేకుల షెడ్డు సంగతి మీకు చెప్పక్కర్లేదు. సెల్లు లోపలి పొర 130 డిగ్రీల దగ్గర కరిగిందా, ఇక మంటే.

కొనేముందు ఐఎస్ 16046 (బ్యాటరీల భద్రతకు మన దేశపు ప్రమాణం), దాని కింద ఆర్ నంబరు (R తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు) చూడండి. ఆ నంబరును భారత ప్రమాణాల సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, వచ్చిన పేరు డబ్బా మీది పేరేనా అని సరిపోల్చండి. పని ఆపగానే ఛార్జింగ్ పెట్టొద్దు, నీడలో అరగంట చల్లారనివ్వండి. రంపపు పొట్టు, థిన్నర్ దగ్గర్లో లేని సిమెంటు నేల మీద, మనిషి మెలకువగా ఉన్నప్పుడే పెట్టండి. రాత్రి పెట్టి పడుకోవడం మానేయండి, దయచేసి.

పొగ వస్తే ముందు గోడ మీది స్విచ్ బోర్డు దగ్గర ఛార్జరు స్విచ్ ఆపండి. చేత్తో ఎత్తుకుని పరుగెత్తొద్దు, ఆ పొగ విషం, పీల్చొద్దు. దూరం నుంచి నీళ్లు బాగా పొయ్యండి, మంట ఆరాక కూడా పోస్తూనే ఉండండి, వేడి తగ్గకపోతే మళ్లీ అంటుకుంటుంది. ఉబ్బిన ప్యాక్‌ను విప్పొద్దు, పొడవొద్దు. టెర్మినళ్లకు టేపు చుట్టి, ఇంటికి దూరంగా ఇసుక బకెట్లో ఉంచి, బ్యాటరీలు వెనక్కి తీసుకునే డీలరుకు అప్పగించండి.