గోల్‌కీపర్: బంతి రాకముందే మొదలయ్యే పని

అందరికీ నమస్కారం. గోలీగా నిలబడాలనుకునే పిల్లలు, వాళ్లకు శిక్షణ ఇచ్చే కోచ్‌లు ఇక్కడ ఎక్కువమంది ఉన్నారు కాబట్టి నేరుగా పనిలోకి వెళ్దాం. గోల్‌కీపర్ అనగానే గాల్లోకి ఎగిరిన ఫొటోయే అందరికీ గుర్తొస్తుంది. అయితే ఒక కీపర్ ఇరవై ఏళ్లు ఆడగలిగాడంటే, బంతి ఎదుటివాడి కాలి నుంచి కదలకముందే ఎక్కడ ఉండాలో, ఎలా నిలబడాలో అతనికి తెలుసని అర్థం. ఈ మాటకు చెక్ దేశపు గోల్‌కీపర్ పెటర్ చెక్ కెరీర్ కంటే మంచి పాఠం లేదు.

చెక్ 1982లో అప్పటి చెకోస్లోవేకియాలోని ప్ల్జెన్‌లో పుట్టాడు. బ్ల్షానీ, స్పార్టా ప్రాగ్, ఫ్రాన్స్‌లో రెన్ క్లబ్బుల మీదుగా 2004లో ఇంగ్లండ్ క్లబ్బు చెల్సీకి చేరాడు. ఆ మొదటి సీజన్‌లోనే 38 లీగ్ మ్యాచుల్లో చెల్సీ ఇచ్చిన గోల్స్ 15. అందులో చెక్ క్లీన్ షీట్లు, అంటే ఒక్క గోల్ కూడా ఇవ్వని మ్యాచులు, 24. ముందున్న డిఫెన్స్ గట్టిదే, కానీ మ్యాచ్‌కు రెండో మూడో షాట్లే వచ్చే జట్టులో గోలీగా ఉండటం చాలా కష్టం. గంటసేపు బంతి ముట్టుకోకుండా ఉండి, వచ్చిన ఒక్కదాన్ని ఆపాలి.

ఎక్కడ నిలబడాలో ఒక లెక్కతో చూద్దాం. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. ఎదుటివాడు 16 మీటర్ల దూరం నుంచి, సరిగ్గా మధ్య నుంచి కొడుతున్నాడనుకోండి. కీపర్ గీత మీదే ఉంటే ఒక్కో పక్క 3.66 మీటర్లు కాపాడాలి. నాలుగు మీటర్లు ముందుకొస్తే అది 2.75కి తగ్గుతుంది. దాదాపు మీటరు కలిసొచ్చింది. కానీ గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి గీతను చేరడానికి 0.64 సెకన్లు పడితే, ముందుకొచ్చిన కీపర్‌ను 0.48 సెకన్లలోనే చేరుతుంది. ఇంకా ముందుకొస్తే తలమీదుగా చిప్ చేస్తాడు. కాబట్టి ఎంత ముందుకు అన్నది ప్రతి కీపర్ తన ఎత్తునూ కాళ్ల వేగాన్నీ బట్టి తేల్చుకోవాలి. 1.96 మీటర్ల చెక్ నిలబడ్డ చోట 1.78 మీటర్ల కుర్రాడిని నిలబెట్టకండి.

తర్వాతిది నిలబడే తీరు. పాదాలు భుజాలంత ఎడంగా, మోకాళ్లు కొద్దిగా వంచి, బరువు మునివేళ్ల వైపు, చేతులు నడుము ఎత్తులో ముందుకు. షాట్ కొట్టే క్షణానికి రెండు పాదాలూ నేలమీద ఉండాలి. కుర్రాళ్ల ఆటలో చాలా గోల్స్ ఇక్కడే పోతాయంటే అతిశయోక్తి అనుకోకండి, వీడియో తీసి చూడండి. ముందుకు పరిగెడుతూనే ఉంటారు, బంతి కొట్టే సమయానికి ఒక కాలు గాల్లో ఉంటుంది, నేలను తన్ని దూకే అవకాశమే ఉండదు. పాదాలు మరీ ఎడంగా పెడితే బంతి కాళ్ల మధ్యలోంచి పోతుంది. మడమల మీద నిలబడితే వెనక్కి పడతారు. దూకేటప్పుడు పక్కకు కాకుండా కాస్త ముందుకు, ఏటవాలుగా అడుగేసి దూకాలి. పట్టలేని బంతిని పక్కకు నెట్టాలి. మధ్యలోకి వదిలితే రెండో షాట్‌కు గోల్ ఖాళీగా ఉంటుంది.

ఇక గాయాలు. 2006 అక్టోబర్ 14న రెడింగ్‌తో మ్యాచ్ మొదలైన కాసేపటికే, కిందపడి బంతి అందుకుంటున్న చెక్ తలకు ఎదుటి ఆటగాడి మోకాలు తగిలి పుర్రె ఎముక లోపలికి విరిగింది. అతని బదులు వచ్చిన కుడిచీని కూడా అదే మ్యాచ్‌లో స్పృహతప్పి పడిపోతే, చివరి నిమిషాల్లో డిఫెండర్ జాన్ టెర్రీ గోల్‌లో నిలబడ్డాడు. చెక్ 2007 జనవరిలో రగ్బీ ఆటగాళ్లు వాడే మెత్తని టోపీతో తిరిగొచ్చాడు, కెరీర్ చివరిదాకా దాన్ని తియ్యలేదు. ఆ టోపీ ఎముకకు రక్షణ ఇస్తుంది, మెదడు అదరకుండా మాత్రం ఆపలేదు. తలకు దెబ్బ తగిలిన పిల్లవాడు ‘బాగానే ఉన్నాను సార్’ అన్నా సరే, ఆ రోజుకు మళ్లీ దించకండి.

పెనాల్టీ సంగతి వేరు. 11 మీటర్లు, గంటకు 100 కిలోమీటర్ల బంతి, అంటే 0.4 సెకన్లు. చూసి కదలడానికే అందులో సగం పోతుంది. అందుకే ముందస్తు చదువు కావాలి. 2012 మే 19న మ్యూనిక్‌లో జర్మనీ క్లబ్బు బయర్న్‌తో చాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు ముందు చెక్ ఆ జట్టువాళ్లు కొన్నేళ్లుగా కొట్టిన పెనాల్టీలన్నీ వీడియోలో చూశాడు. అదనపు సమయంలో రోబెన్ పెనాల్టీని పట్టాడు. షూటౌట్‌లో ఓలిచ్‌ది ఆపాడు, ష్వైన్‌స్టైగర్‌ది వేలికొసలతో పోస్టు మీదికి మళ్లించాడు. ఆ రాత్రి ఎదుర్కొన్న ఆరు పెనాల్టీలకూ సరైన వైపే దూకాడు. నా దృష్టిలో ఆ సేవ్‌ల కంటే ఈ ఆరుకు ఆరే గొప్ప. ఇప్పుడు నిబంధన ప్రకారం బంతి కొట్టే క్షణానికి ఒక పాదంలో కొంత భాగమైనా గీత మీద గానీ, దానికి సమానంగా గానీ, దాని వెనక గానీ ఉండాలి. ముందే రెండు పాదాలూ దాటించి ఆపితే మళ్లీ కొట్టిస్తారు.

ప్రీమియర్ లీగ్‌లో చెక్ 443 మ్యాచులు, 202 క్లీన్ షీట్లు. అంత పేరున్నవాడు కూడా 2014లో చెల్సీకి మరో కీపర్ కోర్త్వా వచ్చాక బెంచీ మీద కూర్చున్నాడు, ఏడాదికి ఆర్సెనల్‌కు వెళ్లాడు. మైదానంలో కీపర్ చోటు ఒక్కటే. వింగర్‌ను చివరి ఇరవై నిమిషాలకు దించుతారు గానీ కీపర్‌ను దించరు. కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు జీతం కంటే ముందు అడగాల్సింది, ఆ క్లబ్బులో మొదటి కీపర్ వయసెంత, అతని ఒప్పందం ఎప్పటిదాకా అని.

2018లో ఆర్సెనల్‌కు కొత్త కోచ్ ఎమెరీ వచ్చి వెనకనుంచి పాసులతో ఆట మొదలుపెట్టమన్నాక, మాంచెస్టర్ సిటీతో మ్యాచ్‌లో చెక్ తన పాస్‌తో తన గోల్‌లోకే బంతి పంపినంత పని చేశాడు. తర్వాత లేనో మొదటి కీపర్ అయ్యాడు. 1992లో బ్యాక్‌పాస్‌ను, అంటే సహచరుడు కాలితో వెనక్కిచ్చిన బంతిని, చేత్తో పట్టడం నిషేధించిన రోజు నుంచే కీపర్ కాళ్లకు విలువ పెరుగుతూ వచ్చింది. 2019 నుంచి గోల్ కిక్‌ను పెనాల్టీ ఏరియా లోపలే సహచరుడు అందుకోవచ్చు కాబట్టి అది ఇంకా ఎక్కువైంది.

అందుకే పిల్లలకు పదేళ్లకే గ్లవ్స్ తొడిగి గోల్‌లో కట్టెయ్యకండి. చెక్ పదేళ్లప్పుడు కాలు విరిగేదాకా ముందు వరసలో ఆడినవాడే. హైదరాబాద్ రాష్ట్రంలో పుట్టి, మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్ ఆడి, 1962 జకార్తా ఏషియన్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా సెంటర్ ఫార్వర్డ్‌గానే మొదలుపెట్టాడు. వారంలో రెండు రోజులైనా మీ గోలీలను ఫీల్డ్‌లో ఆడించండి. రెండు కాళ్లతోనూ ఇరవై మీటర్ల పాస్ ఇవ్వడం, ఒత్తిడిలో మొదటి టచ్‌తో బంతిని పక్కకు తీసుకోవడం పదమూడు, పద్నాలుగేళ్లలోపు అలవాటు చేయండి. డైవింగ్ ఆ తర్వాత నేర్పినా వస్తుంది.