ఒక పనికి ఒకే పేరు

శ్రోతలందరికీ నమస్కారం.

చదువు ముగించి, పెళ్లి చేసుకుని, కొత్తగా కాపురం పెట్టిన జంటల గురించి ఈ పూట మాట్లాడదామని వచ్చాను. నిజానికి నేను చెప్పాలనుకున్నది ఒక్క జంట సంగతే. మా పై వాటాలో ఉండేవారు. వాళ్లను అడిగే చెబుతున్నాను. పేర్లు మాత్రం చెప్పను.

ఇద్దరూ ఒకే క్లాసులో చదువుకున్నారు. చివరి పరీక్షలైన ఏడాదిలోపే పెళ్లి అయింది. సామాను ఎంత? రెండు సూట్‌కేసులు, ఒక పరుపు, చదువుకునే టేబుల్ ఒకటి, దానికి ఒకే కుర్చీ. ఆమెకు వెంటనే ఉద్యోగం వచ్చింది. అతనికి రాలేదు. పొద్దున్నే ఆమె బయల్దేరి వెళ్లిపోయేది. అతను ఆ ఒక్క కుర్చీలో కూర్చుని దరఖాస్తులు పంపుకునేవాడు.

కాలేజీలో ఉన్నంతకాలం మన రోజును ఇంకెవరో నడిపిస్తారు. ఏ గంటకు ఏ క్లాసు, ఏ నెలలో పరీక్షలు, ఫీజు కట్టడానికి ఆఖరి తేదీ ఎప్పుడు, అన్నీ నోటీసు బోర్డు మీద ఉంటాయి. మనం చూడకపోయినా పక్కవాడు చూసి చెబుతాడు. ఇంటికి నోటీసు బోర్డు ఉండదు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, కొత్త కాపురాల్లో సగం చికాకులు ఇక్కడే మొదలవుతాయని నా నమ్మకం.

ఒక రోజు ఉదయం అతను ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు. "అక్కా, ఒక్క గంట మీ ఇంట్లో కూర్చోవచ్చా? ఇంటర్వ్యూ ఉంది. మాకు కరెంటు తీసేశారు" అన్నాడు. గొంతు వణుకుతోంది. లోపలికి రమ్మని, తలుపు దగ్గరికి వేసి, నేను వసారాలో కూర్చున్నాను.

సాయంత్రం ఆమె వచ్చాక సంగతి తెలిసింది. బిల్లు కట్టలేదు. డబ్బు లేక కాదు. "నువ్వు కట్టావనుకున్నా" అంది ఆమె. "నువ్వు కట్టావనుకున్నా" అన్నాడు అతను. ఇద్దరిదీ ఒకే మాట. ఆ మాట మీదే గొడవ పెరిగింది. ఇంటిపని అంతా నేనే చేస్తున్నానని అతను, ఆఫీసు నుంచి వచ్చి కూడా నేనే చేస్తున్నానని ఆమె. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు. ఇద్దరూ అబద్ధం చెప్పేవాళ్లు కాదు. అది నాకు తెలుసు.

అప్పుడు నాకు ఎప్పుడో చదివిన ఒక పరిశోధన గుర్తొచ్చింది. మైకేల్ రాస్, ఫియోరీ సికోలీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో ప్రచురించారు. విద్యార్థుల నివాసాల్లో కాపురముంటున్న 37 జంటలను తీసుకుని, ఇంటికి సంబంధించిన 20 విషయాలు చెప్పి, ఇందులో మీ వంతు ఎంత అని భార్యనూ భర్తనూ విడివిడిగా అడిగారు. 20లో 16 విషయాల్లో ఇద్దరూ చెప్పిన వంతులు కలిపితే మొత్తం పనినే మించిపోయాయి. ఎవరూ గొప్పలు చెప్పుకోలేదు. మనం చేసిన పని మనకు కళ్లకు కట్టినట్టు గుర్తుంటుంది, ఎదుటివాళ్లు చేసింది గుర్తుండదు, అంతే.

అందుకని ఆ సాయంత్రం ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చాను. బట్టలు, అంట్లు, ఊడ్చి తుడవడం, సామాన్లు తేవడం, ఇలా పది పనులు చెప్పి, ఒక్కోదానిలో నూటికి మీ వంతు ఎంతో రాయమన్నాను. ఒకరి కాగితం ఒకరు చూడొద్దన్నాను. రాశాక పక్కపక్కన పెట్టి కూడాం. బట్టలు: ఆమె 60, అతను 70. కలిపితే 130.

ఇద్దరూ ఆ 130 వైపే చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి అతను అన్నాడు: "మధ్యాహ్నం మబ్బు పట్టినప్పుడల్లా మేడ మీదికి పరిగెత్తి బట్టలు తెచ్చేది నేనే కదా. మడతలు కూడా నేనే పెడతాను." ఆమె నెమ్మదిగా అంది: "నేను వచ్చేసరికి అవి అల్మారాలో ఉంటాయి. అక్కడికి ఎలా వచ్చాయో ఎప్పుడూ ఆలోచించలేదు." ఆమె తెల్లవారుజామున లేచి బట్టలు నానబెడుతుందన్న సంగతి అతనికీ ఆ రోజే తెలిసింది. అతను నిద్ర లేచేసరికి అవి తీగ మీద ఉంటాయి మరి. తీగ మీదికి ఎక్కించడం ఒకరికి తెలియదు, తీగ మీంచి దించడం ఇంకొకరికి తెలియదు.

ఇంతకీ కరెంటు బిల్లు? రెండు కాగితాల్లోనూ లేదు. నేను చెప్పిన పది పనుల్లోనూ లేదు. ఎందుకంటే కట్టడం రెండు నిమిషాల పని. గుర్తుపెట్టుకోవడం నెలంతా పని. ఆ రెండోదాన్ని పని కింద ఎవరూ లెక్కవేయరు. అలిసన్ డామింజర్ అనే సామాజిక శాస్త్రవేత్త 35 జంటలతో మాట్లాడి 2019లో దీని గురించే రాశారు. ఏం అవసరమవుతుందో ముందే ఊహించడం, ఏం చేయొచ్చో వెతకడం, ఒకటి నిర్ణయించడం, అయిందా లేదా అని చూసుకోవడం, ఈ నాలుగూ ఇంటిపనే అంటారామె. నాకైతే ఇది చదివినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. ఊరికే కూర్చుందనుకున్న గంటల్లో ఆమె ఏం చేస్తూ ఉండేదో అప్పుడు అర్థమైంది.

ఇక నేను ఈ రోజు చెప్పదలచుకున్న ఒకే ఒక్క పని చెబుతాను. ఒక నోటుపుస్తకం పెట్టండి. వారానికోసారి, సెలవు రోజున, అరగంట ఇద్దరూ దాని ముందు కూర్చోండి. వచ్చే వారంలో ఉన్న పనులన్నీ రాయండి. ప్రతి పనికీ ఎదురుగా ఒక పేరు రాయండి. ఒకే పేరు. ఇద్దరి పేర్లు రాస్తే ఎవరి పేరూ రాయనట్టే, కరెంటు బిల్లు సంగతి విన్నారుగా. పేరున్నవాళ్లు గుర్తుపెట్టుకోవడం దగ్గర్నుంచి పూర్తయ్యేదాకా చూసుకోవాలి, రెండోవాళ్లు గుర్తుచేయక్కర్లేదు. కొన్ని వారాలకోసారి పేర్లు అటూ ఇటూ మార్చండి. అవతలి పని బరువు చేస్తేనే తెలుస్తుంది.

పై వాటావాళ్లు ఆ వారమే మొదలుపెట్టారు. రెండో వారంలో ఆమె తన చదువు అప్పు అందులో రాసింది. అప్పుందని అతనికి తెలుసు, ఎంతో తెలియదు. చెప్పడానికి ఆమెకు అన్నాళ్లూ భయం. పెద్ద అప్పు అంటే ఎవరికైనా టెన్షనే. లెక్క కూడా అలాంటిదే: పదేళ్లలో తీరేలా ఏడాదికి నూటికి 10 వడ్డీతో అప్పు తీసుకుంటే, మొదటి నెల వాయిదాలో నూటికి 63 వంతులు వడ్డీకే పోతాయి. మొదట్లోనే నాలుగు రాళ్లు అదనంగా కడితే అవి నేరుగా అసలులో తగ్గుతాయి. ఆ తర్వాత "అప్పు" అన్న మాట ఎదురుగా ఒక్క పేరు రాయడానికి అతను ఒప్పుకోలేదట. నియమం తప్పిన సందర్భం అదొక్కటే. నేనూ ఏమీ అనలేదు.

అతని మనసులోనూ ఒక మాట ఉండేది. సంపాదన లేని ఆ నెలల్లో చిన్న ఖర్చుకు కూడా ఆమెను అడగాల్సి రావడం. అడిగితే ఆమె కాదనేది కాదు, కానీ అడగడమే కష్టం. పుస్తకంలో ఒక గీత గీసి, ప్రతి నెలా ఇద్దరికీ చెరి సమంగా కొంత డబ్బు పక్కన పెట్టుకున్నారు. దానికి లెక్క చెప్పక్కర్లేదు. సంపాదించేది ఒక్కరైనా సరే, ఇది ప్రతి ఇంట్లో ఉండాలని నేను గట్టిగా అనుకుంటాను.

మా ఇంట్లో కూర్చుని ఇచ్చిన ఆ ఇంటర్వ్యూలో అతనికి ఉద్యోగం రాలేదు. ఆ తర్వాత ఏడో నెలలో వచ్చింది, వేరే ఊళ్లో. ప్రస్తుతానికి ఇద్దరూ చెరో ఊళ్లో ఉంటున్నారు. కుర్చీ అతను తీసుకెళ్లాడు, టేబుల్ ఇక్కడే ఉంది. పుస్తకాలు రెండయ్యాయి. సెలవు రోజు సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఆమె ఫోన్‌లో ఒక్కో పనీ చదువుతూ ఉంటుంది, నాకు కింద వినిపిస్తూ ఉంటుంది. మొన్న చివర్లో అడిగింది: "ఇక్కడి కరెంటు బిల్లు?"

అవతల అతను ఏమన్నాడో నాకు వినపడలేదు. ఆమె మాత్రం నవ్వి, "అక్కణ్నుంచి నువ్వెలా కడతావు?" అంటూనే పుస్తకంలో అతని పేరు రాసుకుంది.