పరదేశంలో ప్రాణం మీదికి వచ్చినప్పుడు: 108 పలకని చోట ఏం చేయాలి?

[దృశ్యం: పలాస రైల్వే స్టేషన్, సాయంత్రం. పెట్టెలకు తాళ్లు బిగిస్తున్న యువకులు, సాగనంపడానికి వచ్చిన ఇంటివారు.]

నమస్కారం. కంచిలి, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం ప్రాంతాల నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా పరదేశాలకు వెళుతున్న తమ్ముళ్ల కోసం, వారి ఇళ్లలో ఎదురుచూసే అమ్మల కోసం, భార్యల కోసం ఈ వీడియో చేస్తున్నాను. నేను గల్ఫ్‌లో తొమ్మిదేళ్లు పైపు ఫిట్టరుగా పనిచేసి వచ్చాను.

ఒక రాత్రి మా గదిలో ఉండే విజయనగరం జిల్లా మనిషికి ఛాతీలో నొప్పి వచ్చింది. ఆరుగురం అతని చుట్టూ ఉన్నాం, ఆరుగురి చేతుల్లోనూ ఫోన్లు ఉన్నాయి. ఒకరు క్యాంపు బాస్‌ను వెతకడానికి పరుగెత్తారు, ఇంకొకరు ఫోర్‌మన్‌ను లేపడానికి ప్రయత్నించారు, నేనేమో మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరుకు ఫోను చేశాను. ముప్పావు గంట గడిచాక గాని అంబులెన్సును మేమే పిలవవచ్చన్న ఆలోచన రాలేదు. తీరా పిలిస్తే, మీరు ఎక్కడున్నారని అవతలివారు అడిగిన మొదటి ప్రశ్నకే మా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే రెండేళ్లుగా మేము నిద్రపోతున్న ఆ భవనం నంబరు మాలో ఒక్కరికీ తెలియదు. అతను బతికాడు గాని, బరువు పని చేయగల మనిషిగా ఇంటికి తిరిగి రాలేదు.

[దృశ్యం: తెరపై దేశాల పేర్లు, నంబర్లు పెద్ద అక్షరాలలో.]

మన రాష్ట్రంలో 2005 నుంచి 108 అలవాటైపోయింది. సరిహద్దు దాటాక ఆ అలవాటు పనికిరాదు. సౌదీ అరేబియాలో అంబులెన్సు 997, అగ్నిమాపక దళం 998. ఎమిరేట్స్‌లో ఇదే తారుమారు: అక్కడ అంబులెన్సు 998, అగ్నిమాపక దళం 997. సౌదీలోని దమ్మాంలో పనిచేసి ఆ తరువాత దుబాయికి మారినవారు పాత నంబరే నోటికి వచ్చి పొరపడే ప్రమాదం ఉంది కనుక, ఇది మళ్లీ మళ్లీ చదివి గుర్తుపెట్టుకోండి. ఖతార్‌లోనూ బహ్రెయిన్‌లోనూ 999, కువైట్‌లో 112, ఒమన్‌లో 9999, మలేషియాలో 999, సింగపూర్‌లో అంబులెన్సుకు 995. మీరు వెళ్లే దేశం నంబరును విమానం ఎక్కకముందే ఫోనులో దాచుకోవడమే కాక, ఒక కాగితం మీద కూడా రాసి పర్సులో పెట్టుకోండి, ఎందుకంటే ప్రమాదం జరిగినప్పుడు మొదట పగిలేది తరచుగా ఫోనే.

నంబరు కంటే కష్టమైనది చోటు చెప్పడం. ఖతార్‌లో ప్రతి భవనం గోడ మీద నీలిరంగు పలక ఉంటుంది; దాని మీద జోన్, వీధి, భవనం అనే మూడు అంకెలు ఉంటాయి. దుబాయిలో ద్వారం దగ్గర మకానీ అనే పది అంకెల నంబరు ఉంటుంది. సౌదీలో జాతీయ చిరునామాకు నాలుగు అక్షరాలు, నాలుగు అంకెల సంకేతం ఉంది. క్యాంపులో దిగిన మొదటి రోజునే ఆ పలకను ఫోటో తీసి, గదిలోని వారందరికీ, ఇంటికి కూడా పంపించండి. ఎడారిలోని సైటుకు పలక ఉండదు కాబట్టి, అక్కడ వాట్సాప్ లొకేషన్ పంపించడం ముందే నేర్చుకోవాలి, అంబులెన్సు వచ్చే వేళకు గేటు దగ్గర ఒక మనిషిని నిలబెట్టాలి. పై అధికారి అనుమతి కోసం ఆగవద్దు. అంబులెన్సును పిలిచాక ఆయనకు చెప్పినా సరిపోతుంది.

[దృశ్యం: ఆసుపత్రి ద్వారం.]

ఇక భాష. గల్ఫ్ ఆసుపత్రులలో మలయాళీ నర్సులు, హిందీ, ఉర్దూ తెలిసినవారు చాలామంది ఉంటారు గనుక, అరబీ రాదని బెంగపడనక్కరలేదు. అయితే ‘గుండెల్లో మంట’ అనే మన మాటను ఉన్నదున్నట్టు హిందీలో పెడితే అది గ్యాస్ బాధగా వారికి అర్థం కావచ్చు. ఛాతీ బిగిస్తోంది, ఎడమ చేయి లాగుతోంది, చెమట పడుతోంది, ఎప్పటినుంచి అనే నాలుగు సంగతులను చెప్పడం నేర్చుకోండి. హిందీలో ‘సీనే మే దర్ద్’ అన్న రెండు ముక్కలు వచ్చినా చాలు.

ఉద్దానం వారికి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మన ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో, పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి ఎందుకు కట్టవలసి వచ్చిందో మీకు తెలుసు. వెళ్లేముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకుని, ఆ రిపోర్టును వెంట ఉంచుకోండి. ఏ డాక్టరు మందు రాసినా ముందు అది చూపించండి. ఒంటినొప్పులకని డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలను రోజూ మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి. ఎండ కూడా కిడ్నీల మీద పడుతుంది. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు ఆరుబయట ఎండలో పని నిషేధం. అది మీ హక్కు. తోటి మనిషి మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. అంబులెన్సును పిలిచి, నీడకు చేర్చి, ఒంటిని తడిపి గాలి తగలనివ్వండి.

ఇంటి నుంచి తీసుకెళ్లే మందులకు డాక్టరు చీటీ తప్పనిసరిగా ఉండాలి. మత్తు కలిగించే ట్రమడాల్, కోడీన్ ఉన్న మందులు అనుమతి లేకుండా గల్ఫ్‌లో పట్టుబడితే కేసు అవుతుంది. అమ్మలారా, మసాలా పొడిలో గసగసాలు కూడా వేసి పంపకండి. సౌదీ, ఎమిరేట్స్ వంటి దేశాలలో అవి నిషిద్ధం.

ఖర్చు సంగతి. సౌదీలో ప్రైవేటు యజమాని కార్మికునికి ఆరోగ్య బీమా చేయించాలి. ఎమిరేట్స్‌లో 2025 జనవరి 1 నుంచి అన్ని ఎమిరేట్లలోనూ ఇది తప్పనిసరి. సింగపూర్‌లో వర్క్ పర్మిట్ మీద ఉన్నవారికి 2023 జులై నుంచి ఏడాదికి కనీసం 60,000 సింగపూర్ డాలర్ల వైద్య బీమా ఉండాలి. పదో తరగతి పాసు కాక, ఎమిగ్రేషన్ (వలస వెళ్లే) అనుమతితో వెళ్లేవారికి మన ప్రభుత్వ ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయల రక్షణ ఉంటుంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్లకు 375. ఏజెంటు మాట నమ్మి విజిట్ వీసా మీద వెళ్లి పనిలో చేరినవారికి ఈ రక్షణలేవీ దక్కవు. నా మనసును ఎక్కువగా కలచివేసేది ఇదే.

నిజంగా దిక్కులేని స్థితిలో రాయబార కార్యాలయం దగ్గర 2009 నుంచి భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. అత్యవసర వైద్యానికి, స్వదేశానికి చేర్చడానికి, అవసరాన్ని పరిశీలించి అందులోంచి సాయం చేస్తారు. ఫిర్యాదును విదేశాంగ శాఖ వెబ్‌సైటు అయిన మదద్ పోర్టల్‌లో ఇంటివారు శ్రీకాకుళం నుంచే నమోదు చేయవచ్చు.

[దృశ్యం: ఇంటి గోడ, క్యాలెండర్ పక్కన ఒక కాగితం.]

ఇంటి దగ్గర ఉండే తల్లికి, భార్యకు చెప్పేది ఇది. మీరు ఇక్కడి నుంచి 997 నొక్కితే సౌదీ అంబులెన్సుకు వెళ్లదు. అందువల్ల మీ మనిషి నంబరు ఒక్కటే ఉంటే చాలదు. అతని గదిలోని మరో ఇద్దరి నంబర్లు, కంపెనీ పేరు, భవనం పలక మీది అంకెలు, పాస్‌పోర్టు, వీసా, బీమా కార్డు నకళ్లు మీ దగ్గర ఉండాలి. రైలు ఎక్కేలోపు అతని చేతనే రాయించి, అందరికీ కనిపించేలా గోడకు అంటించండి. గది మారినప్పుడల్లా ఆ కాగితాన్ని మార్చమని అతనికి గుర్తుచేయండి.