జెడ్ పీఐడీ అయితే జెడ్[ఎక్స్] కూడా పీఐడీనేనా?

నమస్తే. ఎమ్మెస్సీ ఆన్సర్ షీట్లలో ఒక వాక్యం నన్ను వదలడం లేదు: "జెడ్ పీఐడీ కాబట్టి జెడ్[ఎక్స్] కూడా పీఐడీ." కాబట్టి అట! ఎలా కాబట్టి? జెడ్ అంటే పూర్ణాంకాల రింగ్, జెడ్[ఎక్స్] అంటే పూర్ణాంకాలు గుణకాలుగా ఉన్న పాలినామియల్స్ రింగ్. డొమైన్ అంటే సున్నా కానివాటి లబ్ధం ఎప్పుడూ సున్నా అవ్వని రింగ్. అందులో ప్రతి ఐడియల్‌నీ ఒక్క మూలకమే జనరేట్ చేయగలిగితే అది పీఐడీ.

రింగ్, ఐడియల్ మీకు తెలిసినవే, నేరుగా లెక్కలోకి వెళ్దాం. జెడ్[ఎక్స్]లో 2, ఎక్స్ కలిసి జనరేట్ చేసే ఐడియల్ తీసుకోండి. స్థిర పదం సరిసంఖ్య అయిన పాలినామియల్స్ అన్నీ ఇందులోవే. దీన్ని ఒక్క పాలినామియల్ జనరేట్ చేయగలదా? అది 2ని భాగించాలి, అంటే ±1 గానీ ±2 గానీ అవ్వాలి. ఎక్స్‌నీ భాగించాలి, అక్కడ ±2 ఎగిరిపోతుంది. ఇక ±1 అందామంటే, అది ఈ ఐడియల్‌లోనే లేదు. పీఐడీ పోయింది.

అన్నీ పోలేదు లెండి. గాస్ లెమ్మా పుణ్యమా అని యూఎఫ్‌డీ, అంటే మూలకాలు ప్రైమ్‌లుగా ఒకే విధంగా విడిపోయే గుణం, నిలిచింది. హిల్బర్ట్ 1890లో ఇచ్చిన బేసిస్ థీరమ్ నోథీరియన్‌ని, అంటే ప్రతి ఐడియల్‌నీ పరిమిత సంఖ్యలో మూలకాలు జనరేట్ చేసే గుణాన్ని, కాపాడింది.

ఇప్పుడు ఇదే రింగ్‌లో 2ని ఇన్వర్ట్ చేయండి, అంటే 1/2ని కూడా చేర్చండి. మన ఐడియల్ కాస్తా మొత్తం రింగ్ అయిపోయింది. పీఐడీ వచ్చేసిందా? ఎక్కడ, ఈసారి 3, ఎక్స్ కాచుకుని కూర్చున్నాయి! సున్నా కాని పూర్ణాంకాలన్నిటినీ ఇన్వర్ట్ చేస్తే భిన్నాలు కూడా గుణకాలుగా ఉండే క్యూ[ఎక్స్] వస్తుంది, అది పీఐడీ. డొమైన్‌లో సున్నా జోలికి పోకుండా లోకలైజ్ చేస్తే, అంటే ఇలా మూలకాలని ఇన్వర్ట్ చేస్తే, యూఎఫ్‌డీ, పీఐడీ, నోథీరియన్ ఏవీ చెడవు. పైగా ఇలా పోయినవి కూడా తిరిగొస్తాయి. నాకు దానిమీద అంత ఇష్టం అందుకే.

కోషెంట్ అంత మంచిది కాదు. జెడ్[ఎక్స్]ని ఎక్స్² + 5తో కోషెంట్ చేస్తే, అంటే ఎక్స్² + 5ని సున్నాగా తీసుకుంటే, √−5 వచ్చి చేరుతుంది. అక్కడ 6 = 2 × 3 = (1 + √−5)(1 − √−5). యూఎఫ్‌డీ గల్లంతు. ఎక్స్² − 1తో చేస్తే డొమైన్ కూడా మిగలదు: (ఎక్స్ − 1)(ఎక్స్ + 1) = 0. నోథీరియన్ మాత్రం చెక్కుచెదరదు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. డొమైన్ల ప్రోడక్ట్ డొమైన్ కాదు: (1, 0)ని (0, 1)తో గుణించండి, సున్నా. పవర్ సిరీస్‌కి, అంటే పదాలు అంతులేకుండా సాగే పాలినామియల్ లాంటివాటి రింగ్‌కి, నోథీరియన్ వెళ్తుంది, యూఎఫ్‌డీ వెళ్లకపోవచ్చు, 1961లో గణితజ్ఞుడు పియేర్ సామ్యూల్ చూపించారు. సబ్‌రింగ్‌ని అసలు నమ్మకండి. కే ఫీల్డ్ (సున్నా కాని ప్రతి మూలకానికీ ఇన్వర్స్ ఉన్న రింగ్) అయితే కే[ఎక్స్, వై] నోథీరియన్. అందులో కేతో పాటు ఎక్స్, ఎక్స్‌వై, ఎక్స్‌వై², ఇలా వరసగా వేసుకుంటూ పోయి సబ్‌రింగ్ కట్టండి, అది నోథీరియన్ కాదు. ఆ వరసలో ఏ పదమూ ముందున్నవాటి ఐడియల్‌లో ఉండదు. వై ఘాతాలు చూస్తూ మీరే రాసి చూడండి.