ఒకే లాగిన్, రెండు పాత్రలు

అందరికీ నమస్కారం.

పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయిని ఊహించుకోండి. పొద్దున తనే క్లాసులో కూర్చుని పాఠం వింటుంది. మధ్యాహ్నం జూనియర్ల అసైన్‌మెంట్లు దిద్దుతుంది. యూనివర్సిటీ సైట్‌లో ఆమెకు ఉన్నది ఒక్కటే లాగిన్. ఒక కోర్సు తెరిస్తే స్టూడెంట్, ఇంకోటి తెరిస్తే టీచర్. ఇందులో కొత్తగా కనిపెట్టడానికి ఏముంది అంటారా? కనిపెట్టాం అన్నది ఆన్‌లైన్ చదువుల సాఫ్ట్‌వేర్ అమ్మే అమెరికాలోని బ్లాక్‌బోర్డ్ కంపెనీ. 2006 జనవరి 17న పేటెంట్ కూడా వచ్చింది. నంబరు 6,988,138, మొత్తం 44 క్లెయిములు.

పేటెంట్ శీర్షిక చూసి కంగారు పడకూడదు. హక్కు ఎంతవరకో చెప్పేవి క్లెయిములు, చదవాల్సింది వాటినే. అయితే ఇక్కడ చదివినవాళ్లకే టెన్షన్ ఎక్కువైంది. టీచర్ కోర్సు ఫైళ్లు పెట్టడం, స్టూడెంట్ వాటిని తెరిచి జవాబు పంపడం... ఆన్‌లైన్ చదువంటే అంతేగా!

అదే ఏడాది జూలైలో బ్లాక్‌బోర్డ్, తన పోటీదారైన కెనడా కంపెనీ డిజైర్‌2లెర్న్ మీద టెక్సస్‌లో దావా వేసింది. 2008 ఫిబ్రవరిలో జ్యూరీ బ్లాక్‌బోర్డ్ వైపే మొగ్గింది. నష్టపరిహారం దాదాపు 31 లక్షల డాలర్లు.

మూడుల్, సకాయ్ కూడా ఇలాంటి చదువుల సాఫ్ట్‌వేర్లే, కానీ ఓపెన్ సోర్స్, అంటే కోడ్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. వాళ్ల మీద కేసు పడలేదు. పడదన్న గ్యారంటీ మాత్రం ఎవరిచ్చారు? అందుకే వాళ్ల తరఫున సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ అనే న్యాయ సహాయ సంస్థ ఈ పేటెంట్‌ను మళ్లీ పరిశీలించమని పేటెంట్ ఆఫీసును కోరింది. 2007 ఫిబ్రవరిలో బ్లాక్‌బోర్డ్ ఓపెన్ సోర్స్ జోలికి రామని మాటిచ్చింది. నాకైతే ఆ మాట రుచించలేదు. నీ దారికి అడ్డం రానులే అని పక్కింటాయన అన్నాడంటే, దారి తనదేనని చెప్పుకున్నట్టే కదా. పైగా ఓపెన్ సోర్స్‌ను అమ్మకపు సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఇస్తే ఆ హామీ వర్తించదు.

ముందే ఉన్నదానికి పేటెంట్ చెల్లదు కదా, అందుకే ఈలోగా టీచర్లు, ప్రోగ్రామర్లు పాత వ్యవస్థల చరిత్ర తవ్వడం మొదలుపెట్టారు. ఇలినాయ్ యూనివర్సిటీలో ప్లేటో అనే కంప్యూటర్ బోధన 1960లోనే మొదలైంది. ఎప్పుడో వాడేసి పక్కన పడేసిన ప్రోగ్రాములకు తేదీతో సహా రుజువు దొరకడం ఎంత కష్టమో, ఆ పని చేసినవాళ్లకే తెలుస్తుంది.

చివరికి కథ తేలింది 2009 జూలైలో, అమెరికాలో పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టులో. 1 నుంచి 35 వరకు క్లెయిములు స్పష్టంగా లేవు కాబట్టి చెల్లవన్న కింది కోర్టు మాటే నిలబడింది. జ్యూరీ గెలిపించినవి 36, 37, 38. ఒకే లాగిన్‌తో రెండు పాత్రలు, అదే మా కొత్తదనం అని కంపెనీ వాదన. కోర్టు ఆ మూడింటినీ చదివి, ఒకే లాగిన్ ఉండాలన్న షరతు వీటిలో లేదే అంది! అది తీసేస్తే మిగిలింది పాత సరుకే, కాబట్టి అవీ చెల్లవని తేల్చింది. ఆ పాత సరుకులో బ్లాక్‌బోర్డ్ సొంత పాత సాఫ్ట్‌వేర్ కోర్స్‌ఇన్ఫో 1.5 కూడా ఉంది.

డిసెంబరులో రెండు కంపెనీలూ రాజీపడ్డాయి.